ఒకే ఫైలు.. ఐదు మిస్సైళ్లు.. ఐదు తలరాతలు! రక్షణ పరిశోధనకు పోసే వేల కోట్లకు లెక్క అడిగేదెవరు?

మిగ్-21 వెళ్లిపోయింది. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో ఎయిర్‌ఫోర్స్ దానికి వీడ్కోలు చెప్పింది. దాని స్థానంలో రావాల్సిన తేజస్ విమానాలు మాత్రం ఆ రోజుకి కావాల్సినన్ని రాలేదు. ఉండాల్సింది 42 ఫైటర్ స్క్వాడ్రన్లు, మిగిలింది 29. ఈ లోటు రాత్రికి రాత్రి వచ్చింది కాదు. దీని మూలం 1980ల్లో సంతకాలు పడ్డ కొన్ని ఫైళ్లలో ఉంది.

కొత్త ఆయుధం కనిపెట్టడానికి సర్కారు డబ్బు ఎలా ఇస్తుంది? ఆ డబ్బు ఏమైందో ఎవరు చూస్తారు? అనుకున్న టైమ్‌కి పని కాకపోతే ఆపేది ఎవరు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలిస్తే కొన్ని మిస్సైళ్లు ఎందుకు సూపర్ హిట్ అయ్యాయో, కొన్ని ప్రాజెక్టులు ఎందుకు దశాబ్దాలు సాగాయో ఇట్టే అర్థమైపోతుంది. మన హైదరాబాద్‌ నుంచే మొదలుపెడదాం.

ఒకే రోజు పుట్టిన ఐదుగురు అన్నదమ్ములు

1983 జూలై. హైదరాబాద్‌ డీఆర్‌డీఎల్ డైరెక్టర్‌గా అబ్దుల్ కలాం బాధ్యతలు తీసుకుని అప్పటికి ఏడాదే అయింది. ఒక్కో మిస్సైల్‌ని ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటూ వెళ్దామని శాస్త్రవేత్తల టీమ్ ప్లాన్ తయారుచేసుకుంది. అప్పటి రక్షణ మంత్రి ఆర్.వెంకట్రామన్ మాత్రం 'అన్నీ ఒకేసారి మొదలుపెట్టండి' అన్నారట. ఈ సంగతి కలాం తన ఆత్మకథలో రాసుకున్నారు. అలా దాదాపు రూ.388 కోట్లతో ఐదు మిస్సైళ్లకు ఒకేసారి పచ్చజెండా పడింది. పృథ్వీ, అగ్ని, ఆకాశ్, త్రిశూల్, నాగ్.

డబ్బులిచ్చిన సర్కారు ఒకటే. నడిపించిన నాయకుడూ ఒకరే. మరి ఐదింటికీ ఏమైంది?

పృథ్వీ: 1988 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచి తొలిసారి ఎగిరింది. 1990ల్లోనే ఆర్మీ చేతికి వచ్చేసింది.

అగ్ని: 1989 మేలో ఒడిశాలోని చాందీపూర్ నుంచి తొలి పరీక్ష. ఆ కుటుంబం పెరిగి పెరిగి 2012లో అగ్ని-5 దాకా, 2024 మార్చిలో ఒకే మిస్సైల్‌తో పలు వార్‌హెడ్లు మోసే 'మిషన్ దివ్యాస్త్ర' దాకా వెళ్లింది.

ఆకాశ్: లేటైనా వచ్చింది. 2015లో ఆర్మీలో చేరింది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో పాక్ డ్రోన్లను, మిస్సైళ్లను అడ్డుకోవడంలో దీని పేరు మారుమోగింది.

త్రిశూల్: యుద్ధనౌకల మీదకి దూసుకొచ్చే మిస్సైళ్లను కూల్చాల్సిన ఆయుధం ఇది. ఏళ్లు గడిచినా నేవీ అడిగిన స్థాయికి చేరలేదు. ఈలోగా నేవీ ఇజ్రాయెల్ నుంచి బరాక్ కొనుక్కుంది. 2008లో త్రిశూల్ ఫైలు మూసేశారు.

నాగ్: ట్యాంకుల్ని పేల్చే మిస్సైల్. దీని కొనుగోలుకు రక్షణ శాఖ ఒప్పందం మీద సంతకం చేసింది 2025 మార్చిలో. అంటే మంజూరైన 42 ఏళ్లకి!

ఒకే రోజు, ఒకే ఫైలు, ఒకే నాయకత్వం. ఫలితాలు మాత్రం ఐదు రకాలు. కాబట్టి తేడా డబ్బులో లేదు. ఇంకెక్కడో ఉంది. అదెక్కడో చూసేముందు అసలు ఖర్చెంతో తెలుసుకుందాం.

వంద రూపాయల్లో నాలుగు కూడా లేవు!

2025-26 బడ్జెట్‌లో రక్షణ శాఖకి ఇచ్చింది దాదాపు రూ.6.81 లక్షల కోట్లు. అందులో జీతాలు, పెన్షన్లు, డీజిల్, తూటాలు, కొనుగోళ్లు అన్నీ ఉన్నాయి. మరి కొత్తవి కనిపెట్టే డీఆర్‌డీఓకి దక్కింది ఎంత? రూ.26,816 కోట్లు. అంటే రక్షణ ఖర్చు వంద రూపాయలనుకుంటే పరిశోధన వాటా నాలుగు రూపాయల కన్నా కాస్త తక్కువే.

ఈ నాలుగు రూపాయల్లోనే దేశవ్యాప్తంగా ఉన్న ల్యాబ్‌లు నడవాలి. మిస్సైల్, రాడార్, టార్పెడో, విమానం ఇంజిన్, సియాచిన్‌లో సైనికుడి తిండి.. అన్నీ అందులోంచే. మన హైదరాబాద్‌లోనే డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, ఏఎస్‌ఎల్, డీఎంఆర్‌ఎల్, డీఎల్‌ఆర్‌ఎల్ లాంటి ల్యాబ్‌లున్నాయి. తయారీకి బీడీఎల్, స్పెషల్ లోహాలకి మిధాని. కంచన్‌బాగ్ వైపు వెళ్లేవాళ్లకి ఈ బోర్డులు కొత్తేం కాదు.

డబ్బు తక్కువ కాబట్టే ఎక్కడ పెడుతున్నామన్నది చాలా ముఖ్యం. ఒక ప్రాజెక్టు పదేళ్లు లేటైతే పోయేది ఆ పదేళ్ల ఖర్చొక్కటే కాదు. అదే డబ్బుతో, అదే సైంటిస్టులతో చేయగలిగిన ఇంకో పని కూడా పోతుంది. దాని మీద ఆశపెట్టుకున్న సైనికుడు పాత ఆయుధంతోనే సర్దుకోవాలి.

ఫైలు ఎలా కదులుతుంది?

మొదట త్రివిధ దళాలు రాబోయే పదేళ్లలో తమకేం కావాలో లిస్టు రాసుకుంటాయి. ఇది సీక్రెట్. పరిశ్రమల కోసం ఇందులో కొంత భాగాన్ని రక్షణ శాఖ బయటపెడుతుంది. అలాంటి రోడ్‌మ్యాప్‌లు 2013లో, 2018లో, మళ్లీ 2025లో వచ్చాయి.

తర్వాత ఆయుధం ఎలా ఉండాలో ఆర్మీనో, నేవీనో, ఎయిర్‌ఫోర్సో రాసిస్తుంది. ఎంత దూరం వెళ్లాలి, ఎంత బరువుండాలి, ఎంత చలిలో పనిచేయాలి.. ఇలా. దాన్ని పట్టుకుని ల్యాబ్ ప్రతిపాదన తయారుచేస్తుంది. ఎంత ఖర్చు, ఎన్నేళ్లు అన్నది అందులో ఉంటుంది. మొత్తం చిన్నదైతే డీఆర్‌డీఓ స్థాయిలోనే ఓకే అవుతుంది. పెద్దదైతే ఆర్థిక శాఖ, రక్షణ మంత్రి. మరీ పెద్దదైతే ప్రధాని అధ్యక్షతన ఉండే కేబినెట్ సెక్యూరిటీ కమిటీ, అంటే సీసీఎస్ దాకా వెళ్తుంది.

ఇక కొనుగోలు నిర్ణయాలు తీసుకునే డిఫెన్స్ అక్విజిషన్ కౌన్సిల్ వేరే. కార్గిల్ యుద్ధం తర్వాత చేసిన సంస్కరణల్లో భాగంగా 2001లో అది పుట్టింది. అంటే కనిపెట్టే దారి ఒకటి, కొనే దారి ఇంకొకటి. ఈ రెండూ సరిగ్గా కలవకపోతే ల్యాబ్‌లో ఆయుధం రెడీగా ఉన్నా ఆర్డర్ రాదు. లేదంటే అది రెడీ అయ్యేసరికి దళాలు ఇంకోటి కొనేసుకుంటాయి. త్రిశూల్-బరాక్ విషయంలో జరిగింది ఇదే.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. పని సగంలో ఉండగా అడిగినవాళ్లు రూల్స్ మార్చేస్తే? అర్జున్ ట్యాంక్ 1974లో మంజూరైంది. మొదట్లో అనుకున్న గన్ సైజు మధ్యలో 120 ఎంఎంకి పెరిగింది. సుమారు 40 టన్నులు అనుకున్న ట్యాంక్ చివరికి 58 టన్నులు దాటింది. ఉత్పత్తి లైన్ నుంచి తొలి ట్యాంకులు ఆర్మీకి అందింది 2004లో. ఆలస్యానికి ల్యాబ్ ఒక్కదాన్నే తప్పుపట్టలేం. ప్లాన్ రాసినవాళ్లు, మార్చినవాళ్లు, ఓకే చెప్పినవాళ్లు అందరూ ఇందులో ఉన్నారు.

అసలు మతలబు పేరులోనే ఉంది!

డీఆర్‌డీఓలో ప్రాజెక్టులకి రకరకాల పేర్లుంటాయి. వాటిలో రెండు తెలిస్తే చాలు.

ఒకటి 'టెక్నాలజీ డెమాన్‌స్ట్రేషన్'. అంటే ప్రయోగం. ఇది సాధ్యమేనా అని చూడటం. ఫెయిలైనా తప్పు లేదు. ఏం నేర్చుకున్నామన్నదే ఇక్కడ లెక్క.

రెండోది 'మిషన్ మోడ్'. దళాలు అడిగాయి, ఫలానా తేదీకి ఇచ్చి తీరాలి అన్నమాట. దీనికో షరతుంది. వాడే టెక్నాలజీ అప్పటికే చేతిలో ఉండాలి, లేదంటే తొందరగా దొరికేలా ఉండాలి.

పెళ్లి వంట ఉదాహరణ తీసుకుందాం. ముహూర్తం పెట్టుకున్నాక వంద మందికి ఎప్పుడూ చేయని వంటకం చేస్తానంటే ఎవరూ ఒప్పుకోరు. ముందు ఇంట్లో నాలుగుసార్లు వండి చూడాలి. ఆ నాలుగుసార్లు డెమాన్‌స్ట్రేషన్. పెళ్లి భోజనం మిషన్ మోడ్.

అగ్ని సంగతి చూడండి. దాన్ని మొదట్లో ఆయుధంగా కాదు, టెక్నాలజీ డెమాన్‌స్ట్రేటర్‌గానే చేపట్టారు. అంతరిక్షం అంచుకి వెళ్లి తిరిగి వాతావరణంలోకి వచ్చేటప్పుడు ఆ భయంకరమైన వేడిని వార్‌హెడ్ తట్టుకుంటుందా? దీనికే ముందు సమాధానం వెతికారు. 1989 నుంచి 1994 మధ్య మూడు పరీక్షలు చేశారు. ఆ తర్వాత కొన్నాళ్లు ఆగారు. మళ్లీ 1999లో అగ్ని-2 వచ్చింది. ప్రయోగాన్ని ప్రయోగం అని చెప్పి మొదలుపెట్టారు, నేర్చుకున్నాక ఆయుధం చేశారు.

టెక్నాలజీ ఎంత 'పండింది' అని చూడటానికి నాసా మొదలుపెట్టిన ఓ కొలబద్ద ఉంది. 1 నుంచి 9 వరకు మార్కులు. 1 అంటే కాగితం మీద సూత్రం. 9 అంటే నిజమైన పనిలో నిరూపణ అయిన వస్తువు. మధ్యలో 4 నుంచి 7 దాకా ఉన్న మెట్లే కష్టం. ల్యాబ్‌లో టేబుల్ మీద పనిచేసింది ఎడారిలో, మంచులో, సముద్రంలో పనిచేయాలి. ఎక్కువ ప్రాజెక్టులు కూలిపోయేది ఇక్కడే. అందుకే ఈ దశని 'మృత్యులోయ' అంటుంటారు.

కాగ్ ఏం తేల్చింది?

ఇక ఆడిట్ సంస్థ కాగ్ మాట విందాం. 2022 డిసెంబర్‌లో పార్లమెంట్ ముందుకొచ్చిన రిపోర్టులో 178 మిషన్ మోడ్ ప్రాజెక్టులను పరిశీలించింది. గుర్తుంది కదా.. 'టెక్నాలజీ చేతిలో ఉంది, టైమ్‌కి ఇస్తాం' అని చెప్పి తీసుకున్న ప్రాజెక్టులివి.

అందులో 119 ప్రాజెక్టులు మొదట చెప్పిన గడువు దాటేశాయి. 49 ప్రాజెక్టులకైతే పట్టిన అదనపు సమయం అసలు గడువు కన్నా ఎక్కువ. ఆలస్యం 16 శాతం నుంచి 500 శాతం వరకు ఉంది. ఇంకా ఆశ్చర్యం ఏంటంటే 'సక్సెస్' అని ముగించిన 86 ప్రాజెక్టుల్లో 20 చోట్ల ముఖ్యమైన లక్ష్యాల్లో ఒకటో రెండో నెరవేరనే లేదు.

దీనర్థం మన సైంటిస్టులకి చేతకాదని కాదు. ఇంకా పండని టెక్నాలజీకి పండిందని ముద్ర వేసి ముహూర్తం పెట్టేశారని. ప్రయోగం అని నిజాయతీగా చెబితే డబ్బు దొరకడం కష్టం, ఖాయంగా ఇస్తామంటే సులువు. ఈ పద్ధతి ఉన్నంతకాలం ఎవరైనా 'ఖాయం' అనే అంటారు.

కావేరి నేర్పిన ఖరీదైన పాఠం

దీనికి పెద్ద ఉదాహరణ కావేరి ఇంజిన్. తేజస్ కోసం సొంత ఇంజిన్ చేయాలని 1989లో బెంగళూరులోని జీటీఆర్‌ఈకి రూ.382.81 కోట్లు మంజూరు చేశారు. 1996 చివరికల్లా పూర్తవ్వాలి. కాగ్ 2011లో లెక్క తీసేసరికి అంచనా రూ.2,839 కోట్లకి చేరింది. గడువు 13 ఏళ్లు జారిపోయింది.

ఎందుకంత కష్టం? ఫైటర్ ఇంజిన్ లోపల తిరిగే బ్లేడ్లను తాకే గాలి వేడి, ఆ బ్లేడ్ లోహం కరిగిపోయే వేడి కన్నా ఎక్కువ. ఆ నిప్పులో నిమిషానికి వేల చుట్లు తిరగాలి. ఈ బ్లేడ్లు సొంతంగా చేయగల దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టేంత. ఈ టెక్నాలజీ ఎవరూ ఇవ్వరు, అమ్మరు. విమానాన్ని ముందుకు తోసే శక్తి 81 కిలోన్యూటన్లు కావాల్సి ఉంటే కావేరి పరీక్షల్లో 70 పైచిలుకు దగ్గరే ఆగింది. బరువూ అనుకున్నదాని కన్నా ఎక్కువే. 2008లో కావేరిని తేజస్ నుంచి విడదీశారు.

అంటే మనకు అస్సలు రాని టెక్నాలజీని, ఒక విమానం డెలివరీ తేదీకి ముడేసి మొదలుపెట్టారు. ప్రయోగం మీద పెళ్లి ముహూర్తం పెట్టారన్నమాట.

తేజస్‌ని కాపాడింది ఒక్కటే, ప్లాన్-బి. తొలి విమానం 2001 జనవరి 4న అమెరికా జీఈ కంపెనీ ఇంజిన్‌తోనే ఎగిరింది. ఆ ముందుచూపు లేకపోతే విమానం నేల మీదే ఉండేది. అయితే అరువు ఇంజిన్‌కీ ఓ ధర ఉంది. 2021 ఫిబ్రవరిలో 83 తేజస్ మార్క్-1ఏలకు ఒప్పందం కుదిరింది. అదే ఏడాది 99 ఇంజిన్లకు హెచ్‌ఏఎల్ ఆర్డరిచ్చింది. వాటిలో తొలి ఇంజిన్ చేతికొచ్చింది 2025 మార్చిలో. మిగ్-21 వెళ్లేనాటికి స్క్వాడ్రన్లు ఎందుకు తగ్గాయో ఇప్పుడర్థమైందా? 1989లో వేసిన తప్పటడుగు 2025లో నొప్పి పెట్టింది.

అయితే ఆ డబ్బంతా బూడిదలో పోసినట్టేనా?

కాదు. కావేరి నుంచి పుట్టిన ఇంజిన్‌ని ఇప్పుడు పైలట్ లేని యుద్ధ విమానం కోసం సిద్ధం చేస్తున్నారు. మరోవైపు హైదరాబాద్ డీఎంఆర్‌ఎల్ సింగిల్ క్రిస్టల్ బ్లేడ్లు చేసే టెక్నాలజీని సాధించింది. 2021లో హెలికాప్టర్ ఇంజిన్ కోసం అలాంటి 60 బ్లేడ్లను హెచ్‌ఏఎల్‌కి అందించింది. పరిశోధన అంటే ఇదే. ఇవాళ పెట్టిన డబ్బు పదిహేనేళ్లకి ఇంకో రూపంలో తిరిగొస్తుంది.

అందుకే పరిశోధన డబ్బుని రోడ్డు కాంట్రాక్టులా చూడకూడదు. 'ఎందుకు ఫెయిలైంది?' అనే ప్రశ్న ఒక్కటే అడిగితే రేపటి నుంచి అందరూ సులువైన పనులే ఎంచుకుంటారు. అడగాల్సింది 'ఇది కష్టమని మొదట్లోనే చెప్పారా? తెలిశాక ఎంత తొందరగా దారి మార్చారు?' అని.

మధ్యలో ఆపేది ఎవరు?

మన దగ్గర లెక్క అడిగేవాళ్లు లేకపోలేదు. కాగ్ ఉంది. పార్లమెంట్ డిఫెన్స్ స్టాండింగ్ కమిటీ ఏటా డీఆర్‌డీఓ పద్దు మీద రిపోర్టు ఇస్తుంది. డీఆర్‌డీఓ లోపల కూడా ప్రతి ప్రాజెక్టుకీ సమీక్ష కమిటీలుంటాయి. సమస్య ఏంటంటే బయటివాళ్ల ప్రశ్న చాలాసార్లు పని అయిపోయాక వస్తుంది. లోపలి కమిటీల్లో పని చేసేవాళ్లూ, మార్కులు వేసేవాళ్లూ ఒకే ఇంటివాళ్లు.

ఈ మాట కొత్తది కాదు. మన తెలుగువాడు, డీఎంఆర్‌ఎల్ మాజీ డైరెక్టర్ డాక్టర్ పి.రామారావు అధ్యక్షతన 2007లో ఓ కమిటీ వేశారు. డీఆర్‌డీఓ అధికారాల్ని కిందికి పంచాలని, పైన డిఫెన్స్ టెక్నాలజీ కమిషన్ ఉండాలని 2008లో ఇచ్చిన రిపోర్టులో ఆ కమిటీ చెప్పింది. 2023లో మళ్లీ ప్రొఫెసర్ కె.విజయరాఘవన్ అధ్యక్షతన ఇంకో కమిటీ. ప్రధాని అధ్యక్షతన డిఫెన్స్ టెక్నాలజీ కౌన్సిల్ పెట్టాలని ఈ కమిటీ సూచించినట్టు వార్తలొచ్చాయి. పేరు మారింది, పదిహేనేళ్లు గడిచాయి, మందు చీటీ మాత్రం దాదాపు అదే!

మరి అమెరికాలో ఎలా? అక్కడి డార్పా కూడా డీఆర్‌డీఓ పుట్టిన 1958లోనే పుట్టింది. కానీ దానికి సొంత ల్యాబ్‌లు లేవు. ప్రోగ్రామ్ మేనేజర్లు మూడు నుంచి ఐదేళ్లే ఉంటారు. యూనివర్సిటీలకి, కంపెనీలకి డబ్బిస్తారు, ఫలితం లేకపోతే ఆపేస్తారు. ఆయుధాల ప్రాజెక్టులకైతే నన్-మెకర్డీ అనే చట్టం ఉంది. ఒక్కో ఆయుధం ఖర్చు తాజా అంచనా కన్నా 25 శాతం పెరిగితే ప్రాజెక్టు రద్దయినట్టే లెక్క. కొనసాగాలంటే రక్షణ శాఖ కారణాలు చెప్పి సర్టిఫై చేయాలి.

అలాగని అక్కడంతా బంగారం కాదు. సెంటినెల్ అణు మిస్సైల్ ఖర్చు 2024లో 81 శాతం పెరిగి 141 బిలియన్ డాలర్ల దగ్గరికి చేరింది. అయినా కొనసాగించారు. కాకపోతే ఎందుకు కొనసాగిస్తున్నారో అందరి ముందూ చెప్పాల్సి వచ్చింది. తేడా అదే.

ఇక ముందు పరీక్ష ఇదే

మార్పు మొదలవ్వలేదని కాదు. రక్షణ పరిశోధన బడ్జెట్‌లో 25 శాతాన్ని ప్రైవేటు పరిశ్రమలకు, స్టార్టప్‌లకు, యూనివర్సిటీలకు తెరుస్తామని 2022-23 బడ్జెట్‌లో ప్రకటించారు. 2018లో మొదలైన ఐడెక్స్ స్టార్టప్‌లకి గ్రాంట్లు ఇస్తోంది. డీఆర్‌డీఓ టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్ కింద ఒక్కో ప్రాజెక్టుకి రూ.50 కోట్ల దాకా ఇస్తున్నారు. అయితే గ్రాంట్ ఒక ఎత్తు, ఆ తర్వాత ఆర్డర్ ఇంకో ఎత్తు. నమూనా బాగుందని మెచ్చుకుని కొనకపోతే చిన్న కంపెనీ మృత్యులోయలోనే ఆగిపోతుంది.

ఇక అన్నింటికన్నా పెద్ద పరీక్ష ఆమ్కా. శత్రు రాడార్‌కి చిక్కని మన సొంత స్టెల్త్ ఫైటర్. 2024 మార్చిలో సీసీఎస్ దీనికి సుమారు రూ.15,000 కోట్లు ఓకే చేసింది. ఫ్రాన్స్ కంపెనీ సఫ్రాన్‌తో కలిసి దీనికి కొత్త ఇంజిన్ చేస్తామని 2025లో రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ చెప్పారు. మళ్లీ విమానం, మళ్లీ ఇంజిన్. కావేరి పాఠం గుర్తుందో లేదో తేలేది ఇక్కడే.

కాబట్టి ఇకపై 'వేల కోట్లతో కొత్త ఆయుధం' అని వార్త కనిపిస్తే ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

1. ఇది ప్రయోగమా, లేక తేదీ చెప్పిన డెలివరీనా?
2. అందులో మనకు ఇంకా రాని టెక్నాలజీ ఏది? అది రాకపోతే ప్లాన్-బి ఏంటి?
3. అడిగిన దళం పనయ్యేదాకా అదే మాట మీద ఉంటుందా? పూర్తయితే కొంటుందా?
4. సగం దారిలో తేడా కొడితే ఆపే అధికారం ఎవరికుంది? ఆ నిర్ణయం పార్లమెంట్‌కి ఎప్పుడు తెలుస్తుంది?

ఈ నాలుగింటికీ మొదటి రోజే జవాబు రాసుకున్న ప్రాజెక్టు లేటైనా గట్టెక్కుతుంది. రాసుకోని ప్రాజెక్టు ఎంత గొప్ప పేరు పెట్టుకున్నా, దాని కోసం ఎదురుచూసే పైలట్ ఇంకో ఇరవై ఏళ్లు పాత విమానమే ఎక్కాల్సి వస్తుంది.